వెడల్పు గీత మీద సన్నగీత

వారెగల్ బోర్, బార్కాల్డిన్ దారి
ఏప్రిల్ చివరి వారం, 2001

గౌరవనీయులైన ఎనిడ్ అత్తయ్యగారికి,

ముందుగా నా చేతిరాతనీ, అక్షర దోషాలనీ మన్నించండి. జీవితమంతా పిల్లల చేత అక్షరాలు దిద్దించిన మీకు ఉత్తరం రాయాలంటే కలం ముందుకు సాగడం లేదు. ఒకసారి చిత్తు కాగితం మీద రాసి, తప్పనిపించినవి కొట్టేసి, మళ్లీ రాశాను. ఇంకా మిగిలినవి నా కంటికి కనిపించని తప్పులు.

నేను నెరిడాని. మీ అక్కగారి అబ్బాయి డార్సీ భార్యని. పెళ్లి విందులో మీ పక్కనే కూర్చుని, ఒక్క మాటా మాట్లాడకుండా రెండు ముక్కల కేకు తిన్న అమ్మాయిని. మీకు ఫోనులో వినపడదని డార్సీ చెప్పాడు. వినపడినా నేను చేసేదాన్ని కాదు. మా ఫోను వంటింట్లో ఉంది, ఇది అరిచి చెప్పే సంగతి కాదు.

మీ బడి మూసేసినప్పుడు డార్సీకి ఇచ్చిన పాత కంప్యూటరు గుర్తుందా? అది మా రేకుల షెడ్డులో, గాలిమరల రెక్కలకీ పంపుల గొట్టాలకీ మధ్య ఉంది. బోర్ల మరమ్మతుకు వెళ్లని రోజుల్లో డార్సీ దాన్ని విప్పుతూ బిగిస్తూ ఉంటాడు. క్రిస్మస్ తర్వాత ఒకరోజు అతను ఊళ్లో లేనప్పుడు దుమ్ము తుడుస్తూ దాన్ని ఆన్ చేశాను. పెట్టెలో ఉన్న ఫ్లాపీ ఒకటి పెట్టాను. కాసేపు కరకరలాడి, తెర మీదికి గొర్రెలొచ్చాయి.

తెర మీద మీ పేరుంది, అది మీరు చేసిన ఆటేనన్నమాట. కింద ఒక మాట కనిపించి మాయమవుతుంది. దాన్ని చూడకుండా రాయాలి. సరిగ్గా రాస్తే గేటు తెరుచుకుని ఒక గొర్రె దొడ్డిలోకి పోతుంది. తప్పు రాస్తే ఒక్క అరుపు అరిచి, తల తిప్పి మన వంక చూస్తుంది. ఆ చూపు అచ్చం మా అమ్మ చూపే. ఆట పేరు అడిగితే సిగ్గేసి నా పేరు ఇవ్వలేదు. చిన్నప్పుడు మేం పెంచిన కుక్క పేరు పెగ్ అని ఇచ్చాను. ఇప్పుడు ఆన్ చేసినప్పుడల్లా "మళ్లీ వచ్చావా, పెగ్?" అంటుంది. నన్ను ఏ బడీ అలా పిలవలేదు. మా అమ్మ ఉన్ని కత్తిరించేవాళ్లకి వంట చేసేది. ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి ఆమె వెనకాలే తిరిగాను. బడికి వెళ్లింది ముక్కలు ముక్కలుగా, అన్నీ కలిపితే నాలుగేళ్లుంటాయేమో.

డార్సీకి ఇది తెలియదు. రోజూ భోజనాలయ్యాక వారపత్రిక పట్టుకుని కూర్చుంటాను. కాసేపు ఆగి పేజీ తిప్పుతాను. చదువుతున్నాననుకుంటాడు.

ఇప్పుడు వచ్చిన కష్టమేమిటంటే, టువూంబాలో ఉన్న అతని స్నేహితుడు ఏదో ఆఫీసు కంప్యూటర్లోంచి పీకిన రెండు ఫ్లాపీ డ్రైవులు టపాలో పంపాడు. పాతవి తీసేసి వాటిని బిగిస్తానంటున్నాడు.

"ఉన్నవాటికేమొచ్చింది?" అన్నాను.

"ఒంటె కంకర నమిలినట్టు ఆ చప్పుడేంటి, నెరీ. వంటింటిదాకా వినిపిస్తుంది."

"వంటింట్లో ఉండేది నేను. నాకేం ఇబ్బంది లేదు."

"నాకుంది" అన్నాడు. ఎందుకని అడగలేదు, అడిగితే నన్నూ అడుగుతాడని.

కొత్తవి పిల్లి నడిచినట్టు నడుస్తాయట. అదే ఫ్లాపీలో రెట్టింపు సరుకు పడుతుందట. పాఠానికో ఫ్లాపీ. నేను మొత్తం తొమ్మిది పాఠాల్లో నాలుగో దాంట్లో ఉన్నాను. డ్రైవులు మారిస్తే నా గొర్రెలు ఉంటాయా, పోతాయా? దయచేసి జవాబు రాయండి. టపా బండి బుధవారం వస్తుంది. ఆ రోజు డార్సీ బోర్ల మీద ఉంటాడు, రోడ్డు పక్కన టపాపెట్టెగా పెట్టిన పాలడబ్బాలోంచి ఉత్తరాలు తెచ్చేది నేనే.

ఇది చదివాక కాల్చేయండి.

నమస్కారాలతో,
నెరిడా


యెప్పూన్
మే నెల, మొదటి ఆదివారం

చిరంజీవి నెరిడాకు,

కాల్చేయమన్నావు. అమ్మాయ్, నేనుండేది సముద్రపు ఒడ్డున, అనాస తోటల మధ్య. ఈ ఉక్కలో ఇంట్లో కట్టెల పొయ్యి ఎవరు కట్టుకుంటారు? నీ ఉత్తరాన్ని బిస్కెట్ల డబ్బాలో పెట్టాను. దాని మూత తీయడం నాకే కష్టం, ఇంకెవరి తరమూ కాదు.

తప్పులు దిద్దలేదు. అడిగిననాడు దిద్దుతాను. అర్థం కాని వాక్యం మాత్రం ఒక్కటీ లేదు.

ఇక నీ గొర్రెల సంగతి. ఫ్లాపీ లోపల ఒక పల్చని బిళ్ళ తిరుగుతుంది. డ్రైవులో ఉండే హెడ్డు దాని మీద గుండ్రటి గీతల్లో రాస్తుంది, ఆ గీతల్నే చదువుతుంది. పాత డ్రైవు హెడ్డు వెడల్పు, గీతలూ వెడల్పు. కొత్తదాని హెడ్డు సన్నం, అందుకే రెట్టింపు గీతలు పడతాయి. సన్న హెడ్డు వెడల్పు గీతని చదవగలదు, డార్సీ కాస్త సర్దితే చాలు. ప్రమాదమంతా రాయడంలో ఉంది. వెడల్పు కుంచెతో కంచెకి తెల్లరంగు వేశావనుకో, దాని మీదే సన్న కుంచెతో ఎర్రగీత గీస్తే రెండు అంచుల్లో తెలుపు మిగిలిపోతుంది కదా. అలా కొత్త డ్రైవు ఒకసారి రాసిన చోటుని మళ్లీ పాత డ్రైవు చదవబోతే, పాత రాతా కొత్త రాతా కలిసి దానికి ఏదీ అర్థం కాదు.

అందుకని ఒక పాత డ్రైవు ఉంచమని డార్సీని అడుగు. ఎడమవైపు పాతది, కుడివైపు కొత్తది. నువ్వు ఎడమదాన్లోనే ఆడు. ఆట నీ గొర్రెల లెక్కని ఫ్లాపీ మీదే రాసుకుంటుంది కాబట్టి, ఆడి ముగించాక ఫ్లాపీ పక్కనున్న గాడి మీద టేపు ముక్క అంటించు. గాడి మూసి ఉంటే ఏ డ్రైవూ దాని మీద రాయలేదు. ఆడేటప్పుడు తీసి, తర్వాత మళ్లీ అంటించు.

ఆ ఆట రాసినప్పుడు ఒక్క విద్యార్థినే దృష్టిలో పెట్టుకున్నాను. పదహారేళ్ల తర్వాత పెగ్ అనే కుక్క కూడా చదువుకుంటుందనుకోలేదు.

ఒక ప్రశ్న. ఊరికే నేర్చుకోవాలనుకునేవాళ్ల ఉత్తరంలో ఇంత తొందర ఉండదు. నీ ఉత్తరంలో ఏదో గడువు కనిపిస్తోంది. ఏమిటది?

ఆశీస్సులతో,
ఎనిడ్


వారెగల్ బోర్
మే నెల మధ్యలో

అత్తయ్యగారికి,

మీరు చెప్పినట్టే అడిగాను. ఎలా అడగాలో మూడు రోజులు ఆలోచించి, చివరికి అతను టీ తాగుతుంటే అడిగాను.

"పాతది ఒకటి ఉంచకూడదా, ఎడమవైపు?"

"ఎందుకు?"

"ఆ చప్పుడు అలవాటైంది."

"నా గురక చాలడం లేదా నీకు?" అని నవ్వాడు. వాదిస్తాడనుకున్నాను. కప్పు కింద పెట్టి, "సరే, నేనూ ఒకటే మారుద్దామనుకున్నా" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకోవడం అతని తీరు కాదు.

శనివారం మార్చాడు. నేను దీపం పట్టుకున్నాను. తీసేసిన పాత డ్రైవులో ఎండిపోయిన బల్లి ఉంది. డార్సీ దాన్ని చేతిలో పెట్టుకుని, "ఇన్నాళ్లూ రుబ్బింది ఇదన్నమాట" అన్నాడు. కొత్తది బిగించి ఆన్ చేస్తే రెండు డ్రైవుల దీపాలూ ఒకేసారి వెలిగాయి, రెండూ ఒకేసారి తిరిగాయి. రెండింటికీ మొదటిది నేనే అన్న గుర్తే ఉందట. ఒకే పేరున్న ఇద్దరు పిల్లల్ని పిలిస్తే ఇద్దరూ వచ్చినట్టు. కొత్తదాని వెనక గోరంత పిన్ను పీకి పక్క రంధ్రంలో గుచ్చాక బుద్ధిగా ఉన్నాయి. నిజంగానే కొత్తది చప్పుడు చేయదు. ఎర్రదీపం వెలగకపోతే పని చేస్తోందని కూడా తెలియదు.

నేను ఐదో పాఠం దాటాను. గోధుమరంగు పార్సిలు టేపు కత్తిరించి ఫ్లాపీల గాడుల మీద అంటించాను.

మీరు అడిగిన గడువు డిసెంబరు. అత్తయ్యా, నాకు బిడ్డ పుట్టబోతోంది. బార్కాల్డిన్ ఆసుపత్రి నర్సుకి తెలుసు, ఇప్పుడు మీకు తెలుసు. డార్సీకి చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, బడి లేని ఈ మారుమూల తల్లే బడి. పక్క ఫారం గ్లెనిస్ ఇంటికి గుడ్లు ఇవ్వడానికి వెళ్లినప్పుడు చూశాను. వసారాలో బల్ల వేసి, రేడియోలో టీచరు చెబుతుంటే ఇద్దరు కొడుకుల్నీ పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపిస్తోంది, రాయిస్తోంది, దిద్దుతోంది. చిన్నవాడు నన్ను చూసి, "ఇది చదివి పెట్టు" అని కాగితం చాచాడు. కంట్లో దుమ్ము పడిందని చెప్పి గుడ్లబుట్ట అక్కడే వదిలేసి వచ్చాను. బిడ్డ సంగతి చెప్పిన మరుక్షణం డార్సీ అనే మాట నాకు తెలుసు. "ఇంకేం, పంతులమ్మ ఇంట్లోనే ఉంది" అంటాడు.

ఇంకో సంగతి చెప్తాను, నవ్వకండి. మొన్న మా ఇంటి కుక్కకి నులిపురుగుల మందు వేయాలి. "సీసా మీద ఏముందో చదువు, నా చేతులకి గ్రీజుంది" అన్నాడు. "నువ్వే చదువు, ఉల్లిపాయలు కోసి కళ్లు మండుతున్నాయి" అన్నాను. ఇద్దరం సీసాని అటూ ఇటూ తోసుకున్నాం. చివరికి అతను ఉజ్జాయింపుగా రెండు మాత్రలు వేశాడు. అంత కుక్కకి అరమాత్ర చాలట. పాపం, అది రెండు రోజులు నీళ్లతొట్టి కిందనుంచి లేవలేదు.

ఈ మధ్య ఒకచోట కుదురుగా ఉండలేకపోతున్నాను. ఉతికినవే ఉతుకుతున్నాను.

పొయ్యి లేకపోతే అగ్గిపుల్లతోనైనా కాల్చండి.

మీ
నెరిడా


యెప్పూన్
మే చివర

నెరిడా,

డిసెంబరు మంచి నెల. మన నడివేసవి వేడికి బిడ్డని తడిగుడ్డలో చుట్టి పెంచాలి, అంతే.

కుక్క సంగతి చదివి పెద్దగా నవ్వాను. తర్వాత రెండోసారి చదివాను. నవ్వు రాలేదు.

డార్సీకి చెప్పు. బిడ్డ గురించీ చెప్పు, పెగ్ గురించీ చెప్పు. అతను నిన్ను చులకన చేయడు. ఇంత గట్టిగా ఎలా చెప్పగలుగుతున్నారని అడగకు. నేనింకేమీ రాయలేను, రాయకపోవడానికి కారణముంది. కాసేపటి క్రితమే ఇంకో ఉత్తరానికి కూడా జవాబు రాసి చేతులు నొప్పెడుతున్నాయి.

చెప్పు, అమ్మా.

ఎనిడ్


వారెగల్ బోర్
జూన్, రెండో వారం

అత్తయ్యా,

చెప్పలేదు. ఇక చెప్పను కూడా.

ఆరో పాఠం ఫ్లాపీ పాడైపోయింది. నాలుగు రోజుల కిందట దాన్ని మీరు చెప్పినట్టే ఎడమ డ్రైవులో పెట్టాను. కరకరమని ముందుకీ వెనక్కీ కొట్టుకుంది, ఆగింది, మళ్లీ కొట్టుకుంది. తెర మీద గొర్రెల బదులు సగం తలలూ, అడ్డదిడ్డంగా అక్షరాలూ. పేరు దగ్గర పెగ్ అని లేదు, ఇంకో పేరూ కాదు, రెండు పేర్లు కలిపి పిసికినట్టుంది. ఒట్టేసి చెప్తున్నాను, నేను దాన్ని ఎప్పుడూ కుడివైపు పెట్టలేదు.

తర్వాత గాడి మీద టేపు చూశాను. నేను అంటించింది గోధుమరంగు పార్సిలు టేపు. ఇప్పుడున్నది నల్లటి కరెంటు టేపు. నాదాన్ని ఊడదీసి, డార్సీ తనది అంటించాడు. అతనికి తెలిసిపోయింది.

నమ్మకపోతే ఇది వినండి. ఆరో పాఠంలో నేను బుధవారం అనే మాట దగ్గర ఇరుక్కుని వారమైంది. ఇంగ్లీషులో వెన్స్‌డే అని పలుకుతాం, నోట్లో పలకని అక్షరం ఒకటి మధ్యలో దాక్కుని ఉంటుంది చూడండి, అది ఎక్కడుందో నాకు దొరకదు. మొన్న భోజనం దగ్గర, ఉప్పుమాంసం కోస్తూ, ఏమీ ఎరగనట్టు డార్సీ అన్నాడు:

"నెరీ, బుధవారం అని రాయడమంత తిక్కపని ఇంకోటి లేదు కదా?"

నేను ఆవాల పచ్చడి సీసా అందుకున్నాను.

"పలకనప్పుడు ఆ అక్షరం ఎందుకు పెట్టినట్టు? నీకు తెలిసే ఉంటుంది, నువ్వు చదివేదానివి."

నా వంక చూస్తున్నాడు. సీసా చేతిలోంచి జారి పగిలింది. "కాలు జాగ్రత్త" అని తనే ఎత్తాడు. ఎత్తుతూ కూడా చూస్తున్నాడు, నేనేం చెప్తానా అని.

ఎదుటే నవ్వితే భరించేదాన్ని. ఇలా పక్కనుంచి, మాటలతో గుచ్చి ఆడించడం నావల్ల కాదు. నిన్నంతా షెడ్డుకీ ఇంటికీ మధ్య తిరిగాను. బట్టలు తీగ మీద వేసి, ఆరకుండానే తీసి, మళ్లీ వేశాను. ఆకాశం ఇంత పెద్దగా ఉంటుందా, ఎక్కడ నిలబడినా కనబడిపోతున్నాననిపిస్తోంది.

మా అమ్మ ఇప్పుడు టాంబో పక్కన ఒక షెడ్డులో వంట చేస్తోంది. టపా బండి తోలే ఫెర్గస్ ముసలాయన ఈ బుధవారం ఉత్తరం తీసుకెళ్తాడు, వచ్చే బుధవారం నన్ను తీసుకెళ్తానన్నాడు. నా సంచి పిండిడబ్బాల వెనక పెట్టాను. అక్కడ నేను రాయలేనని అందరికీ తెలుసు, ఎవరూ పట్టించుకోరు.

మీ ఫ్లాపీ పాడుచేసినందుకు క్షమించండి. ఇది మాత్రం తప్పకుండా కాల్చండి.

నెరిడా


యెప్పూన్
శనివారం, ఉదయం

నెరిడా,

ఇది అర్జంటు టపాలో పంపుతున్నాను. బుధవారం ఫెర్గస్ చేతికి ఈ ఉత్తరం వచ్చేలా పోస్టుమాస్టరు చేత ఒట్టు వేయించుకున్నాను. బండి ఎక్కకముందు చదువు. చదువుతూ ఫెర్గస్‌ని నిలబెట్టు. ముసలాడు ఎలాగూ టీ అడుగుతాడు.

ఆ ఫ్లాపీ నువ్వు పాడుచేయలేదు. నువ్వు చెప్పిన గుర్తులకి ఒక్కటే అర్థం. ఎవరో దాన్ని కుడివైపు కొత్త డ్రైవులో పెట్టారు. పెట్టి ఊరికే చూడలేదు, చూస్తే ఏమీ కాదు. టేపు తీసి ఆడారు. మాటలు రాశారు, గొర్రెల్ని లోపలికి తోలారు. ఆట ఆ లెక్క రాసుకుంది, నీ వెడల్పు గీత మీద సన్నగీత పడింది. ఇప్పుడు ఆలోచించు. నిన్ను వెక్కిరించాలనుకునేవాడు ఫ్లాపీ తీసి చూసి నవ్వుకుంటాడు. కూర్చుని గొర్రెల్ని తోలడు. తోలుతున్నాడంటే వాడూ చదువుకుంటున్నాడు.

ఇంకోటి. చప్పుడు చేయని డ్రైవు ఎవరికి కావాలి? వంటింట్లో ఉన్నవాళ్లకి వినపడకూడదనుకునేవాళ్లకి.

నేను పేరు చెప్పలేను. తొమ్మిదేళ్ల పిల్లవాడొకడు, రేడియో విప్పి బిగించగలిగినవాడు, పుస్తకం తెరిస్తే మాత్రం బల్ల కిందికి దూరేవాడు. పేజీ వంక చూడడు కానీ తెర వంక చూస్తాడని ఆ గొర్రెల్ని చేశాను. ఐదో పాఠం దాకా వచ్చాక వాడిని వాళ్ల నాన్న పనికి తీసుకెళ్లిపోయాడు. బడి వదిలేరోజు, "ఎవరికీ చెప్పనని నీ కుక్క మీద ఒట్టెయ్యి" అన్నాడు. వేశాను. కుక్క ఎప్పుడో పోయింది, ఒట్టు ఉంది. ఈ మధ్య ఒకే ఊరి ముద్రతో నాకు రెండు రకాల ఉత్తరాలు వస్తున్నాయి. ఒకదాని చివర కాల్చేయండి అని ఉంటుంది. ఇంకోదాని చివరా అదే ఉంటుంది, రెండో రకంలో మాటలకన్నా బొమ్మలెక్కువ, దాని జవాబు ఇంటికి కాదు, బార్కాల్డిన్ పోస్టాఫీసుకి పంపాలి. రెండూ బిస్కెట్ల డబ్బాలో పక్కపక్కనే ఉన్నాయి. బిస్కెట్లకి చోటు లేకుండా పోయింది.

నేను చెప్పలేనిది ఆ యంత్రం చెబుతుంది. సన్న హెడ్డు సన్నగీతనే చదువుతుంది, అంచుల్లో మిగిలిన నీ గీతని పట్టించుకోదు. ఆరో పాఠాన్ని కుడి డ్రైవులో పెట్టు. ఎవరి పేరుతో పలకరిస్తుందో చూడు.

పంతులమ్మ తాళంచెవి ఒకటుంది, ఇన్నాళ్లూ ఎవరికీ ఇవ్వలేదు. ఆట మొదలయ్యేటప్పుడు కీబోర్డు అడుగున ఉన్న పొడుగు మీట నొక్కి పట్టుకుంటే మాటల జాబితా వస్తుంది. ఉన్న మాట తీసేసి నీ మాట పెట్టుకోవచ్చు. నోరు పెగలనివాళ్లకి పనికొస్తుంది.

ఎనిడ్


వారెగల్ బోర్
జూన్ ఆఖరి మంగళవారం

ప్రియమైన ఎనిడ్ అత్తయ్యా,

ఈసారి దస్తూరీకి క్షమాపణ అడగను.

ఫెర్గస్ వచ్చినప్పుడు సంచి పట్టుకుని రోడ్డు మీదే ఉన్నాను. మీ ఉత్తరం నా చేతిలో పెట్టి, "చదువుకో, నేను ఇంజను చల్లారనిస్తా" అన్నాడు. నాకు చదవడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో ఆయన, "చావు కబురా?" అని అడిగాడు. కాదన్నాను. "అయితే టీ పెట్టు" అన్నాడు. టీ తాగి ఒక్కడే వెళ్లిపోయాడు.

షెడ్డులోకి వెళ్లి ఆరో పాఠాన్ని కుడివైపు పెట్టాను. ఏ చప్పుడూ లేదు. ఎర్రదీపం వెలిగింది. గొర్రెలు నిక్షేపంగా వచ్చాయి. పైన, "మళ్లీ వచ్చావా, స్పానర్?" అని ఉంది. డార్సీ వాళ్లమ్మ క్రిస్మస్ కార్డుల మీద ఇప్పటికీ అతన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. ఆ కార్డులు గోడకి గుచ్చేది నేనే కాబట్టి ఆ మాట నాకు బాగా తెలుసు. దొడ్డిలో కొన్ని గొర్రెలున్నాయి. ఒకటి మాత్రం గేటు బయట నిలబడి ఉంది, బుధవారం దగ్గర. నాది నిలబడ్డ చోటే.

అక్కడే బోల్టుల డబ్బా మీద కూర్చుండిపోయాను. సంచి ఇంకా భుజానికే ఉంది.

పొడుగు మీట నొక్కి పట్టుకున్నాను. బుధవారాన్ని తీసేశాను. అక్కడ ఊయల అని పెట్టాను. ఆ మాట నాకు రాయడం రాదు. టపాలో వచ్చే సరుకుల పుస్తకంలో ఊయల బొమ్మ కింద ఉన్న అక్షరాల్ని ఒక్కొక్కటీ చూసి ఎక్కించాను. బొమ్మ కింద ఉన్నది ఊయలే అయ్యుండాలని దేవుణ్ణి వేడుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం డార్సీ షెడ్డుకి వెళ్లాడు. నేను షెడ్డు వెనక తీగ మీద బట్టలు ఆరేస్తున్నాను, అవి పొద్దున్నే ఆరేసినవి. డ్రైవు చప్పుడు లేదు కానీ గొర్రె అరుపు వినిపించింది. తప్పు. కాసేపటికి మళ్లీ. తప్పు. ఇంకోసారి. తర్వాత ఏమీ లేదు. తలుపు తెరుచుకుంది.

"నెరీ."

"ఊఁ."

"పిన్ని గొర్రెల్లో ఊయల లేదు. మొన్నటిదాకా అక్కడ బుధవారం ఉండేది."

క్లిప్పులు నోట్లో పెట్టుకున్నాను, మాట్లాడక్కర్లేదని.

"ఎవరో పెట్టారు" అన్నాడు. "రాయడం రావట్లేదు. మూడుసార్లు గొర్రె నావంక అలా చూసింది."

క్లిప్పులు తీశాను. "నాకూ రాదు. సరుకుల పుస్తకంలో చూసి పెట్టాను."

అతను చేతిలోని స్క్రూడ్రైవరుని అటూ ఇటూ తిప్పాడు. ఒక్కొక్కటే కలుపుకుంటున్నాడని తెలుస్తోంది.

"పెగ్ అంటే నువ్వా? బడి పిల్లలెవరో అనుకున్నా."

"మా కుక్క."

"నువ్వు రోజూ పత్రిక చదువుతావు కదా."

"బొమ్మలు చూస్తాను. నువ్వు మాన్యువళ్లు చదువుతావు కదా."

"నేనూ అంతే, తీగల బొమ్మలు చూస్తాను" అన్నాడు.

"మరి బుధవారం గురించి అలా ఎందుకు దెప్పావు?"

"దెప్పడమేంటి? నీకు వచ్చేమో, నోరు జారి చెప్తావేమోనని అడిగా. సీసా పగలగొట్టావు."

నవ్వు వచ్చింది. అతనికి రాలేదు. అసలు సంగతి అతనికి అప్పుడే అందింది.

"ఊయల ఎవరికి?"

"డిసెంబరుకి."

కూర్చోబోయాడు. వెనకున్నది కుర్చీ కాదు, తడిబట్టల బుట్ట. అందులో కూరుకుపోయి లేవకుండా అలాగే ఉన్నాడు. నేను అనుకున్న మాట అనలేదు. పంతులమ్మ ఊసే ఎత్తలేదు. బుట్టలోంచే, "దానికి ఐదేళ్లొచ్చేలోపు తొమ్మిది ఫ్లాపీలు అవుతాయంటావా?" అన్నాడు. తన గురించి అడుగుతున్నాడో, నా గురించో తెలియలేదు. అవుతాయన్నాను.

సాయంత్రం కలిసి కూర్చున్నాం. ఆరోది ఒకరి తర్వాత ఒకరం రాసుకుని చెడగొట్టాం కదా, అయస్కాంతంతో మొత్తం తుడిచేసి, ఎడమవైపు వెడల్పు హెడ్డుతో మళ్లీ నింపితే కొత్తదానిలా అవుతుందట. దానికి మీ దగ్గర నకలు ఉంటే పంపండి. ఇక ఎడమది నాది, కుడిది అతనిది, ఎవరి ఫ్లాపీలు వాళ్లవి. చప్పుడు చేసేదే మంచిదని ఇప్పుడంటున్నాడు, ఎవరు చదువుతున్నారో ఇంట్లో తెలుస్తుందట. తీసేసిన రెండో పాత డ్రైవుని బల్లి దుమ్ము దులిపి తుడుస్తున్నాడు. టువూంబా స్నేహితుడికి ఫోను చేసి మూడోది బిగించే దారి ఉందా అని అడిగాడు. ఎవరికని ఆ స్నేహితుడు అడిగితే, ఇంకా పేరు పెట్టలేదన్నాడు.

నాకు ఇంకా భయంగానే ఉంది. నిన్న మాత్రం గ్లెనిస్ ఇంటికి వెళ్లి నా గుడ్లబుట్ట తెచ్చుకున్నాను. చిన్నవాడు మళ్లీ కాగితం చాచాడు. సగం చదివాను. మిగతా సగం వాడు చదివాడు.

ఒక్కటి అడుగుతాను. మా ఉత్తరాలన్నీ కాల్చేయాలి అత్తయ్యా, అందులో మార్పు లేదు. మీకు పొయ్యి లేదన్నారు. మాకు కట్టెల పొయ్యి ఉంది, ఇక్కడి గిడ్జీ చెట్టు కట్టె బాగా మండుతుంది. ఆ బిస్కెట్ల డబ్బా ఫెర్గస్ బండిలో పంపేయండి. దిద్దాలనిపించిన చోట ఎర్రసిరాతో దిద్దండి, ఇద్దరివీ. అతనివి నేనూ, నావి అతనూ చదివాక, మేమే కాల్చుకుంటాం.

మీ
నెరిడా